లిస్టులో లేని వాయిస్ మోడెం హోమ్ అసిస్టెంట్‌తో పనిచేయాలంటే

మీరు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇదీ. సైనిక్‌పురిలో అమ్మానాన్న ఉండే ఇంట్లో ఫైబర్ కనెక్షనుతో పాటు వచ్చిన 040 ల్యాండ్‌లైను ఉంది. అమ్మగారికి వినికిడి తగ్గింది కాబట్టి ఫోన్ మోగితే హాల్లో లైటు వెలిగి ఆరాలి, ఎవరు చేశారో స్పీకరు తెలుగులో చెప్పాలి. నల్లా వచ్చే రోజు మీరు ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేసి, అంకెలు నొక్కి సంపు మోటరు వేయగలగాలి. దీనికోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పాత యూఎస్‌బీ వాయిస్ మోడెం (ఫోన్ లైనుని కంప్యూటరుకి కలిపి, ఫోన్ ఎత్తి మాట వినిపించగల పెట్టె) తెచ్చారు. ఇంట్లో లైట్లూ మోటర్లూ నడిపే సాఫ్ట్‌వేరు హోమ్ అసిస్టెంట్ దాన్ని గుర్తుపట్టలేదు, దాని మోడెముల లిస్టులో ఇది లేదు. సొంతంగా రాసుకున్న పైథాన్ స్క్రిప్టులో రింగ్ కనిపిస్తోంది గానీ నంబరు రావడం లేదు. ఒక్కసారి మోగితే రెండు రింగులు వస్తున్నాయి. మీరు రికార్డు చేసిన మాట మొదట బాగానే వినిపించి, కాస్త గొంతు పెంచిన చోట తెగిపోతోంది. ఈ మోడెం పారేసి వేరేది కొనాలా అని అడిగారు.

పారేయకండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ మోడెం బాగానే ఉందనే చెబుతున్నాయి. 2000 తర్వాత చాలా ఏళ్లు నేను నగరంలో చిన్న ఆసుపత్రులకి, కొరియరు ఆఫీసులకి వాయిస్ మోడెములతో ఫోన్ ఎత్తి జవాబిచ్చే సిస్టములు పెట్టాను. కంపెనీ పేరు చూసి మోడెం కొన్నప్పటికంటే, దానితో నేరుగా మాట్లాడి చూసి కొన్నప్పుడే నాకు మేలు జరిగింది. లిస్టులో పేరుందా లేదా అన్నది పక్కన పెట్టండి. మోడెం ఏం చేయగలదో మోడెమే చెబుతుంది, అడగాలంతే.

హోమ్ అసిస్టెంట్‌లో ఉన్న ఫోన్ మోడెం ఇంటిగ్రేషను యూఎస్‌బీ గుర్తింపు నంబరు చూసి తనంతట తాను పట్టుకునేది కోనెగ్జాంట్ చిప్పున్న మోడెముల్ని, అంటే 0572:1340 అనే నంబరున్నవాటిని. మీది ఆ నంబరు కాకపోతే దానంతట అది కనిపించదు. సీరియల్ పోర్టు చూపించి చేత్తో కలపొచ్చు, అప్పుడు కాలర్ ఐడీ వస్తే వస్తుంది. కానీ ఆ ఇంటిగ్రేషను పని నంబరు చూపించడం, వద్దనుకున్న కాల్ తిప్పికొట్టడం వరకే. మీ రికార్డింగు వినిపించడం, అవతలివాళ్లు నొక్కిన అంకెలు వినడం దానివల్ల కాదు. కాబట్టి మీకు కావలసినదానికి ఎలాగూ మధ్యలో సొంత స్క్రిప్టు ఒకటి తప్పదు. మీరు ఎంచుకున్న దారి సరైనదే.

ఇకనుంచి కమాండ్లని చదివినట్టుగా తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు అవే అక్షరాల్ని ఇంగ్లీషులో కొట్టండి.

ముందు స్క్రిప్టు ఆపేసి మోడెముకి నేరుగా కమాండ్లు కొట్టడానికి మినీకామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాం తెరవండి. టీటీవైఏసీఎం0 పేరుతో పోర్టు వచ్చింది అంటే లోపల కంట్రోలరున్న అసలు మోడెమే. పాత పీసీఐ కార్డుల్లోనూ ల్యాప్‌టాపుల్లోనూ ఉండే సాఫ్ట్ మోడెములు ఇలా రావు, పని మొత్తం కంప్యూటరు ప్రాసెసరు మీదే పడేస్తాయి. వాటి డ్రైవర్ల వెంట తిరగడం వృథా. పోర్టు తెరిచాక మీరు కొట్టకుండానే ఏవో అక్షరాలు వస్తుంటే, లేదా జవాబు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే, మోడెంమేనేజర్ అనే సర్వీసు అదే పోర్టులో వేలు పెడుతోందన్నమాట. డేటా డాంగిల్ కోసం ఉన్న సర్వీసు అది, మీకు అక్కర్లేదు, ఆపేయండి. స్క్రిప్టులో పోర్టు పేరు కూడా ఏసీఎం0 అని రాయకండి. కరెంటు పోయి వచ్చాక జిగ్‌బీ స్టిక్ (వైర్‌లెస్ స్విచ్చులతో మాట్లాడే యూఎస్‌బీ ముక్క) ముందు లేచి ఆ పేరు పట్టుకుందనుకోండి, మోడెం కమాండ్లన్నీ దానికి పోతాయి. సీరియల్ బై-ఐడీ ఫోల్డరులో ఉండే పొడుగు పేరు వాడితే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఏటీ+ఎఫ్‌క్లాస్=? అన్నది. జవాబులో 0, 1, 2 మాత్రమే ఉంటే అది డేటా, ఫ్యాక్స్ మోడెం. రింగ్, నంబరు చెబుతుంది గానీ నోరు ఉండదు. 8 కూడా ఉంటే వాయిస్ ఉన్నట్టు. మీది మాట వినిపిస్తోంది కాబట్టి 8 ఉండే తీరుతుంది. తర్వాత ఏటీ+వీఎస్ఎం=? కొట్టండి. ఏయే రకాల ఆడియో తీసుకుంటుందో వరుసగా చెబుతుంది, ప్రతి రకానికీ ముందు ఒక అంకె ఉంటుంది. ఇక్కడే చాలామంది ఇంకొకరి స్క్రిప్టులోని అంకె ఎత్తి పెట్టుకుని దెబ్బతింటారు. 8 బిట్ల ఆడియో ఒక మోడెంలో 1, మరోదాంట్లో 128. మీ మోడెం ఏ అంకె చెప్పిందో అదే మీది. వరుసలో అన్‌సైన్డ్ పీసీఎం, 8 బిట్లు, 8000 అని ఉన్నది వెతికి దాన్నే వాడండి. ఏడీపీసీఎం అనే కుదించిన ఆడియో రకాల జోలికి పోవద్దు, వాటిని మోడెముకొక తీరుగా చేశారు.

ఇక నంబరు విషయం. మన దేశంలో లైన్ల సంగతి తెలియకుండా దీన్ని పట్టుకోవడం కష్టం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికా పద్ధతిలో మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే ఖాళీలో నంబరు వస్తుంది. 1200, 2200 హెర్ట్జుల స్వరాల మధ్య మార్పుతో వచ్చే ఎఫ్ఎస్‌కే సంకేతం అది. మోడెము చిప్పులు చాలావరకు దానికోసమే చెవి పెట్టుకుని ఉంటాయి. మన దగ్గర రాగి తీగ లైన్ల మీద చాలాచోట్ల వేరే పద్ధతి ఉండేది: రింగ్ రాకముందే లైను ధ్రువాలు తారుమారవుతాయి, వెంటనే ఫోన్‌లో నంబరు నొక్కితే వచ్చే డీటీఎంఎఫ్ స్వరాలతోనే నంబరు వచ్చేస్తుంది, ఆ తర్వాతే ఫోన్ మోగుతుంది. ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్‌ఛేంజీ సాఫ్ట్‌వేరు వాళ్లు దీనికోసం పొలారిటీ_ఇన్ అని ఇండియా పేరుతోనే ఒక సెట్టింగు పెట్టారంటే ఎంత ప్రత్యేకమో చూడండి.

నేను దీన్ని కళ్లారా చూసింది మల్కాజిగిరిలో మా అత్తగారింట్లో. మోడెం మూడు రోజులు నంబరు చూపించలేదు. చివరికి మల్టీమీటరు డీసీ 200 వోల్టుల మీద పెట్టి లైను రెండు తీగలకీ పట్టుకుని, బావమరిదిని బయట నుంచి ఫోన్ చేయమన్నాను. మీటరు మీద మైనస్ 48 చూపిస్తూ కదలకుండా ఉంది. ఫోన్ ఇంకా మోగలేదు, 48 ముందున్న మైనస్ గుర్తు టక్కున పోయింది. ఒక్క క్షణం ఆగి రింగ్ మొదలై అంకెలు పిచ్చిగా ఎగిరాయి. రెండోసారి లైనుకి కెపాసిటరు మీదుగా చిన్న ఆంప్లిఫయరు కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాను. మైనస్ పోయిన ఆ క్షణంలోనే ఎవరో చాలా వేగంగా పది అంకెలు నొక్కినట్టు స్వరాలు వినిపించాయి. నా మోడెం మాత్రం రింగ్ అయ్యాక వచ్చేదానికోసం కాచుకుని కూర్చుంది. అది తెలిశాక గుజరాతీ గల్లీలో డీటీఎంఎఫ్‌ని ఎఫ్ఎస్‌కేగా మార్చే చిన్న పెట్టె తెచ్చి మధ్యలో పెడితే నంబర్లు వచ్చాయి. (మీరు మీటరు పట్టుకుని చూడాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. రింగ్ వచ్చేటప్పుడు ఆ తీగల మీద 75 వోల్టుల చుట్టూ ఏసీ ఉంటుంది. ఒట్టి వేళ్లతో తీగ పట్టుకోవద్దు.)

మీది ఫైబరు. మీ ఇంటి ఫోన్ లైను మొదలయ్యేది ఎక్స్‌ఛేంజీలో కాదు, ఫైబరు తీగ వచ్చి చేరే, గోడకి బిగించిన ఓఎన్‌టీ పెట్టెలోని ఫోన్ పోర్టులో. కాలర్ ఐడీ ఏ పద్ధతిలో పంపాలో ఆ పెట్టెలోని సెట్టింగే నిర్ణయిస్తుంది, దాన్ని మార్చే అధికారం సాధారణంగా ఆపరేటరు దగ్గరే ఉంటుంది. అందుకని ముందు మోడెం సంగతి చూసి, తర్వాత వాళ్లని అడగండి. మోడెముకి ఈ వరుసలో ఇవ్వండి: మొదట ఏటీజెడ్, తర్వాత ఏటీ+జీసీఐ=53, తర్వాత ఏటీ+ఎఫ్‌క్లాస్=8, ఆఖరున ఏటీ+వీసీఐడీ=1. 53 అన్నది ఇండియా కోడు, 8 అంటే వాయిస్ మోడ్, వీసీఐడీ అంటే కాలర్ ఐడీ చూపించమని. వరుస ముఖ్యం. ఏటీజెడ్ అంటే మోడెముని మొదటికి తేవడం, అది తర్వాత కొడితే ముందు చెప్పినవన్నీ మరిచిపోతుంది. మీరు పెట్టిన స్క్రిప్టులో వీసీఐడీ లైను పైన ఉండి ఏటీజెడ్ కింద ఉంది. మీకు నంబరు రాకపోవడానికి నేను ముందు అనుమానించేది దాన్నే.

ఇండియా కోడుకి ఎర్రర్ అంటే బీ4 ఇచ్చి చూడండి, అది బ్రిటన్ కోడు. రింగ్ తీరు మనదీ వాళ్లదీ ఒకటే, బిజీ టోను 400 హెర్ట్జులన్నదీ ఒకటే, కాబట్టి అమెరికా కోడు కంటే మనకి దగ్గర. ఇంకో మాట, మీ స్క్రిప్టు మొదటి రింగుకే ఫోన్ ఎత్తేస్తోంది. ఎఫ్ఎస్‌కే పద్ధతిలో నంబరు రాకముందే ఎత్తినట్టవుతుంది అది. కనీసం రెండో ట్రింగ్-ట్రింగ్ జంట దాకా ఆగాలి. ఇవన్నీ చేసినా రాకపోతే, మామూలు కాలర్ ఐడీ ఫోన్ ఒకటి అదే పోర్టుకి పెట్టి చూడండి. దాంట్లోనూ రాకపోతే లైనుకి ఆ సదుపాయం ఇవ్వలేదన్నమాట, ఆపరేటరుకి ఫిర్యాదు పెట్టండి.

రెండు రింగుల సంగతి చాలా చిన్నది. మన ఫోన్ ట్రింగ్-ట్రింగ్ అని జంటగా మోగుతుంది: 0.4 సెకను మోత, 0.2 ఖాళీ, మళ్లీ 0.4 మోత, తర్వాత 2 సెకన్ల ఖాళీ. మోడెం ప్రతి మోతకీ ఒక లైను రాస్తోంది. ముందు రింగ్ వచ్చిన సెకనులోపు వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆరు సెకన్ల పాటు ఏమీ రాకపోతే అవతలివాళ్లు పెట్టేశారని అర్థం, లైటు ఆపేయండి.

ఇప్పుడు మాట తెగిపోవడం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన మాట 'కాస్త గొంతు పెంచిన చోట' అన్నది. అంత జాగ్రత్తగా విన్నారు కాబట్టే ఇక్కడ కూర్చుని కారణం చెప్పగలుగుతున్నాను.

వాయిస్ మోడ్‌లో ఏటీ+వీటీఎక్స్ (ఆడియో పంపుతున్నానని చెప్పే కమాండు) కొట్టాక మోడెం కనెక్ట్ అంటుంది. అక్కడి నుంచి మీరు పంపేవన్నీ ఆడియో బైట్లు. కానీ మధ్యలో మోడెముకి 'అయిపోయింది' అని చెప్పే దారి ఉండాలి కదా. దానికి 16 విలువున్న బైటుని గుర్తుగా పెట్టారు, దాన్ని డీఎల్ఈ అంటారు. డీఎల్ఈ కనిపించిందంటే దాని పక్కనున్నది ఆడియో కాదు, ఆజ్ఞ. పక్కన 3 వస్తే ఆడియో అయిపోయిందని అర్థం, 24 వస్తే బఫరులో ఉన్నదంతా పారబోయమని. మరి మీ గొంతులోనే 16 అనే విలువ వస్తే? అప్పుడు దాన్ని రెండుసార్లు పంపాలి. 16, 16 అని జంటగా వస్తే మోడెం ఒకటి ఆడియోగా తీసుకుంటుంది. మీ స్క్రిప్టు ఫైలుని ఉన్నదున్నట్టు పంపేస్తోంది, ఈ జంట చేయడం లేదు.

గొంతు పెంచిన చోటే ఎందుకంటే, అన్‌సైన్డ్ 8 బిట్ల ఆడియోలో నిశ్శబ్దం విలువ 128. మెల్లగా మాట్లాడితే విలువలు 128కి అటూ ఇటూ కొద్దిగా ఊగుతాయి, 16 దాకా దిగవు. గట్టిగా మాట్లాడితే అల అడుగు 16ని తాకుతుంది. పక్కనే 24 ఉండటానికీ అవకాశం ఎక్కువ, అల అక్కడే తిరుగుతోంది కాబట్టి. తాకిందా, మోడెం మీ మాటల్ని ఆజ్ఞగా తీసుకుని నోరు మూసుకుంటుంది. పైథాన్‌లో ఇది ఒక్క లైను పని: పంపబోయే ముక్కలో ప్రతి 16కీ బదులు రెండు 16లు పెట్టండి. ఫైలు మొత్తం అయ్యాక 16, 3 పంపి, ఓకే వచ్చేదాకా ఆగండి. ఓకే రాకముందే ఏటీహెచ్ కొట్టి ఫోన్ పెట్టేస్తే బఫరులో మిగిలిన చివరి మాటలు పోతాయి.

ఫైలుని సాక్స్ ప్రోగ్రాంతో 8000 హెర్ట్జులు, మోనో, 8 బిట్ల అన్‌సైన్డ్‌గా మార్చి, హెడరు (ఫైలు మొదట్లో ఉండే వివరాల బైట్లు) లేకుండా రా రూపంలో పెట్టుకోండి. వేవ్ ఫైలు నేరుగా పంపితే మొదట్లో చిటచిటమంటుంది, అది హెడరు బైట్ల చప్పుడు. రికార్డు చేసేటప్పుడు అమ్మగారికి అలవాటైన గొంతుతో, అంటే మీ గొంతుతోనో మీ చెల్లెలి గొంతుతోనో చేయండి. ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జుల మధ్యే మోస్తుంది. మెషిను గొంతు ఆ ఇరుకులో మరీ అస్పష్టమవుతుంది, వినికిడి తగ్గినవాళ్లకి ఇంకా కష్టం.

అవతలివాళ్లు నొక్కే అంకెలు కూడా ఇదే డీఎల్ఈ దారిలో వస్తాయి, ఈసారి మోడెం నుంచి మీకు. డీఎల్ఈ తర్వాత 5 అనే అక్షరం వస్తే 5 నొక్కారని. కొన్ని మోడెములు అంకెకి ముందు స్లాష్, తర్వాత టిల్డె గుర్తు కూడా పంపుతాయి, వేలు ఎంతసేపు నొక్కి ఉంచారో చెప్పడానికి. అవి వస్తే స్లాష్ వచ్చినప్పటి నుంచి టిల్డె దాకా ఒక్క అంకెగానే లెక్కపెట్టండి. లేకపోతే గట్టిగా నొక్కేవాళ్ల పిన్ ఎప్పుడూ తప్పే అవుతుంది. డీఎల్ఈ, చిన్న బీ వస్తే బిజీ టోను, చిన్న డీ వస్తే డయల్ టోను. రెంటిలో ఏది వచ్చినా అవతల పెట్టేశారనే, వెంటనే ఏటీహెచ్ కొట్టండి.

దీనిమీద మాత్రం పూర్తిగా ఆధారపడవద్దు. నేను ఒక చిన్న ఆసుపత్రికి పెట్టిన మోడెం అమెరికా కోడులో ఉండిపోయింది. అక్కడి బిజీ టోనులో 480, 620 హెర్ట్జులు కలిసి ఉంటాయి, మన 400 హెర్ట్జుల కూతని అది బిజీ అని గుర్తించలేదు. ఒకరోజు రాత్రి ఎవరో ఫోన్ చేసి పెట్టేశారు, మోడెం పెట్టలేదు. తెల్లారేదాకా ఆ ఆసుపత్రి నంబరు ఎంగేజి. ఆ రాత్రి ఎంతమంది అక్కడికి ఫోన్ కలపబోయి వదిలేశారో అన్న ఆలోచన ఇప్పటికీ బాధపెడుతుంది. అప్పటి నుంచి ప్రతి స్క్రిప్టులో ముందు రాసేది ఒకే లైను: ఏం జరిగినా, ఎత్తిన 60 సెకన్లకి ఏటీహెచ్. మీ ఇంట్లో ఉన్నది పెద్దవాళ్లు. వాళ్ల ఫోన్ ఎంగేజిలో ఇరుక్కోకూడదు. ఆ లైను మీరు కూడా అన్నిటికంటే ముందు రాయండి.

హోమ్ అసిస్టెంట్ వైపు పని తక్కువ. దానికి మోడెం గురించి ఏమీ తెలియనక్కర్లేదు. మీ స్క్రిప్టు రింగ్ మొదలైంది, ఈ నంబరు, రింగ్ ఆగింది, ఈ అంకెలు నొక్కారు అన్న నాలుగు సంగతులూ ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) మీద చెబితే చాలు. స్క్రిప్టుని హోమ్ అసిస్టెంట్ ఉన్న పెట్టెలోనే కుక్కకుండా, ఓఎన్‌టీ పక్కన ఒక పాత రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టి దాంట్లో నడపడం నాకిష్టం. ఫోన్ తీగ పొడుగు తగ్గుతుంది, హోమ్ అసిస్టెంట్ అప్‌డేటు అయిన రోజు ఫోన్ పని ఆగదు. నంబరులో చివరి పది అంకెలే తీసుకుని పేర్ల జాబితాతో పోల్చండి. ఒకే మనిషి నంబరు ఒకసారి సున్నాతో, ఒకసారి లేకుండా వస్తుంది. ఎప్పుడైనా మోడెంతో మీ సెల్‌కి ఫోన్ చేయించాలనుకుంటే, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైలుకి ముందు సున్నా తప్పనిసరి. డయల్ టోను లేదని మోడెం మొండికేస్తే ఏటీఎక్స్3 కొట్టండి, టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.

మోటరు విషయంలో రెండు షరతులు. వచ్చిన నంబరు మీది కనిపించినంత మాత్రాన మోటరు వేయొద్దు, కాలర్ ఐడీని మోసం చేయొచ్చు. పిన్ అడగండి, మూడుసార్లు తప్పితే పెట్టేయండి. అలాగే ఫోన్ మీద వేసిన మోటరు ఫోన్ మీదే ఆగాలని పెట్టుకోకండి. సంపులో నీళ్లు అడుగంటితే, ట్యాంకు నిండితే ఆపే ఫ్లోట్ స్విచ్ తీగతో నేరుగా స్టార్టరుకే ఉండాలి. మాకూ రోజు విడిచి రోజే నీళ్లు. నల్లాలో రాని రోజు మోటరు ఉత్తగా తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. తలుపు తాళాన్ని మాత్రం ఫోన్‌కి కలపకండి.

పాత రాగి లైనుకి కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబరులో అది లేదు. ఓఎన్‌టీ, పై, మోడెం మూడింటినీ చిన్న యూపీఎస్ మీద పెట్టండి. మోడెముకి ఉన్న రెండు సాకెట్లలో లైన్ అన్నది ఓఎన్‌టీకి, ఫోన్ అన్నది అమ్మగారి ఫోన్‌కి. పై ఆగిపోయినా, యూఎస్‌బీ ఊడిపోయినా ఆ ఫోన్ మామూలుగా మోగుతోందో లేదో, వైరు లాగి మరీ ఒకసారి పరీక్షించండి. కొన్ని మోడెములు కరెంటు లేనప్పుడు ఫోన్ సాకెట్‌ని కలిపి ఉంచవు. మీది అలాంటిదైతే స్ప్లిట్టరు పెట్టి ఫోన్‌ని నేరుగా ఓఎన్‌టీకి కలపండి.

ముందు ఏటీజెడ్ వరుస మార్చి, 16ల జంట పెట్టి ఈ రాత్రి ఒకసారి ఫోన్ చేసి చూడండి. నంబరు అప్పటికీ రాకపోతే ఏటీ+వీసీఐడీ=? , ఏటీ+జీసీఐ=? రెంటికీ మోడెం ఇచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు పంపండి, అక్కడి నుంచి చూద్దాం.